ఖాళీ కారుకు అద్దె

నివాస సాక్షి చిట్టా. సంస్థ: గిరక కార్ రెంటల్స్. కొనదలచినవారు: ఉత్తుంగ క్యాపిటల్. సాక్షి: వకుళ.

1వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

పై వాక్యం ప్రతి రోజూ మొట్టమొదట రాయాలని చట్టం. ఒక కంపెనీని ఎవరైనా భారీగా అప్పు చేసి కొనేటప్పుడు, ఆ అప్పు ఇచ్చేవాళ్ళ కోసం ఒక మనిషి నెల రోజులు ఆ కంపెనీ సరుకు వాడుకుని బతకాలి. చూసింది చూసినట్టు రాసి ఏ రోజుది ఆ సాయంత్రం పంపాలి. ఆ మనిషే నివాస సాక్షి. సాక్షి ఎవరి పక్షమూ పట్టకూడదు, తన కారులోకి ఇంకొకరిని రానివ్వకూడదు. రానిస్తే చిట్టా మొత్తం చెల్లదు, సాక్షి లైసెన్సు పోతుంది. కారులో ఎందరున్నారో సీటు తూకమే చెబుతుంది కదా అని అడగొచ్చు. సీటు చెప్పేదాన్ని డబ్బు పెట్టి మార్పించిన ఘనులు ఇదివరకు ఉన్నారు. అందుకని మనిషి చేత రాయిస్తున్నారు. మనిషిని కొనడానికి ఇంకొంచెం ఎక్కువ అవుతుందని వాళ్ళ ఆశ కాబోలు.

నా ఫీజు ఇచ్చేది మాత్రం కొనేవాళ్ళే. ఉత్తుంగ తరఫున ఈ వ్యవహారం చూసే ఫణిభూషణ్ గారు నాకు ఇదివరకు మూడు పనులు ఇప్పించారు. మర్యాదస్తుడు. చిట్టా ఎలా ఉండాలో ఎప్పుడూ చెప్పరు, ఎలా ఉంటే బాగుంటుందో మాత్రం చెబుతారు.

కొనుగోలు పద్ధతి చిన్నదే. గిరక ధరలో అయిదో వంతు ఉత్తుంగ పెడుతుంది. మిగతాదంతా అప్పు. ఆ అప్పు ఉత్తుంగ నెత్తిన ఉండదు, కొన్న మర్నాటి నుంచి గిరక నెత్తిన ఉంటుంది. గిరక తన అద్దెల్లోంచి వడ్డీ కడుతూ తన్ను తాను కొనిపెట్టాలి. కోడి ఖర్చుతో కోడిని వండుకోవడం లాంటిది. వంట కుదరాలంటే అద్దెలు వడ్డీకి సరిపోవాలి. సరిపోతాయా లేదా అన్నదే నా పని.

కారు ఒంటి బెర్తుది. పొడవు నాకన్నా జానెడు ఎక్కువ. ఆనందపురం దగ్గర ఎక్కాను.

3వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

కదిలే కారులో సబ్బు ఒక చోట ఉండదు. దోసె పెనం మీద ఉంటుంది కాని, సబ్బవరం మలుపు దగ్గర పెనం ఆ పక్కకి, దోసె ఈ పక్కకి వెళ్ళాయి. వంట మానేసి అటుకులు తిన్నాను.

ఈ రోడ్డు మీద కార్లలో బతికేవాళ్ళెవరూ ఆగరు. సముద్రం దిగువ పట్నాన్ని తీసుకున్నాక ఆగిన బండికి చోటు లేక ఆగుడు పన్ను వేశారు. నడిచే బండికి పన్ను లేదు, రోడ్డే కరెంటు ఇస్తుంది. ఇంటద్దె కట్టలేనివాళ్ళు లెక్క వేసుకున్నారు. గిరక కారు నెలకు తీసుకుని రింగు రోడ్డు మీద తిరుగుతూ ఉండటమే చవక. నీళ్ళ వంతెన కింద నుంచి వెళ్ళేటప్పుడు పైన గొట్టం టాంకు నింపుతుంది. మజిలీలో కాసేపు పన్ను లేకుండా ఆగనిస్తారు. స్నానం, మిగతావి ఆ కాసేపట్లోనే. ఒకే మజిలీలో ఆగే కార్లన్నీ కలిసి ఒక వరస. వరసలో ఎవరి చోటు వాళ్ళది. మాది ఇరవై కార్ల వరస.

పక్క కారు దగ్గరికి వచ్చి వేగం కలిపి అద్దం దించింది. లోపల కుట్టు మిషను, దాని వెనక యాభై దాటిన ఒక ఆడమనిషి.

"ఏటి పాపా, అటుకులు తింతన్నావా? ఇదిగో, వంకాయ కూర. గిన్నె పట్టుకో. రెండు సేతుల్తో పట్టుకో, వొగ్గీకు!"

వదిలేశాను. గిన్నె రోడ్డు మీద పడి వెనక కార్ల కింద దొర్లింది. ఆవిడ నవ్వింది. "కొత్తలో అందరూ వొగ్గీసేవోళ్ళే. రేపు మూత పెట్టిస్తాను" అని వెళ్ళిపోయింది. పేరు పైడమ్మ. రవికలు కుట్టి కిటికీల్లోంచే అందించి బతుకుతోంది. ఆవిడ తెచ్చింది తినడం పక్షం పట్టడం కిందికి రాదని నిబంధనలు రెండు సార్లు చూసుకున్నాను.

6వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

పైడమ్మ కారుకు ఆనుకుని ఇంకో కారు నడుస్తుంది. అందులో ఆవిడ భర్త సన్యాసిరావు. ఒకప్పుడు లారీ డ్రైవరు. కారు తనంతట తాను నడవడం ఆయనకు నచ్చదు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో నేల తొక్కుతాడు. అక్కడ బ్రేకు లేదు. తొక్కీ తొక్కీ మ్యాటు చిరిగి రేకు బయటపడింది.

"మీ బాబాయి తొక్కబట్టే ఇన్నాళ్ళూ బతికున్నాం మనందరం" అంది పైడమ్మ.

"నవ్వితే నవ్వు. బ్రేకు ఉండొద్దేటి బండన్నాక?" అన్నాడాయన దగ్గుల మధ్య. ఆయనకు ఆయాసం. రాత్రి దమ్ము పట్టుకుంటే వీపు రాయడానికి ఆవిడ పక్క కారులోంచి చెయ్యి చాపుతుంది. రెండు కార్ల కిటికీలు అందుకే ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

అద్దె గురించి అడిగాను. అది నా పనే.

"కుట్టిందంతా రెండు బళ్ళకే సరిపోతాది. ఇంకొంచెం పెంచితే దిగిపోవాల పాపా. కింద ఇల్లు లేనోళ్ళ శిబిరంలో మగోళ్ళది ఒక షెడ్డు, ఆడోళ్ళది ఒక షెడ్డు. ఈయనకి రేత్రి వీపు ఎవరు రాస్తారు?"

ఇది రాసుకున్నాను. ఇంకొకటి కూడా. వరసలో ముందు ఒక కారు ఖాళీగా నడుస్తోంది. లోపల మనిషి లేడు, చిన్న దీపం బల్బు మాత్రం వెలుగుతోంది. గిరక లెక్కల్లో చూశాను. అద్దె మొత్తం కట్టి ఉంది. ఎందుకని ఎవరినీ అడగలేదు. ఇరుగుపొరుగు సంగతులు ఆరా తీయడం సాక్షికి పద్ధతి కాదని నా అభిప్రాయం. చూసింది రాశాను: ఖాళీ కారుకు పూర్తి అద్దె కడుతున్నారు.

8వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

ఫణిభూషణ్ గారు ఫోను చేశారు. గొంతులో పండగ.

"వకుళా, నువ్వు రాసింది ఒక వాక్యమే గాని, బంగారం. మేం గిరక లెక్కలన్నీ తిరగేశాం. ప్రతి వరసలోనూ ఏదో ఒక సమయంలో ఖాళీ కారు ఉంటోంది. అద్దె ఒక్క రోజు తప్పలేదు. అర్థమైందా? కూర్చోకుండానే కడుతున్నారంటే, కూర్చుంటే ఎంతైనా కడతారు."

"కారణం కనుక్కోలేదండీ ఇంకా."

"కారణం దేనికమ్మా? కడుతున్నారు, అది చాలు."

అద్దె సగం మేర పెంచినా ఎవరూ దిగరని ఉత్తుంగ కొత్త అంచనా. పెరిగే అద్దెను చూపించి అప్పు ఇంకా పెద్దది తీసుకుంటారు. అంటే సొంతంగా పెట్టేది ఇంకా తగ్గుతుంది. పని పద్ధతిగా జరుగుతోంది. తప్పేమీ కనిపించలేదు.

మధ్యాహ్నం పైడమ్మ పులిహోర అందించింది. ఈసారి వదలలేదు.

12వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

తెల్లవారేసరికి సన్యాసిరావు పోయాడు.

మజిలీలో శవాన్ని దింపి తీసుకెళ్ళారు. వరసలో నాలుగు కార్ల వాళ్ళు పని మానుకుని వెంట వెళ్ళారు. సాయంత్రానికి పైడమ్మ తిరిగి వచ్చి తన కారెక్కింది. ఆవిడ పక్కనే సన్యాసిరావు కారు కూడా కదిలింది. లోపల ఎవరూ లేరు. సీటు మీద మడత పెట్టిన తువ్వాలు, కింద చెప్పులు, ముందు దీపం బల్బు.

 నేను వేగం కలిపి అద్దం దించాను. ఇరుగుపొరుగు సంగతి అడగడం ఇదే మొదలు.

"పిన్నీ, ఆ కారు ఎందుకు ఆపలేదు?"

"ఆపీడమేటి పాపా? మనిషి ఎల్లిపోనాడని ఆ రోజే బండి ఆపీమంటావా? పదకొండో రోజు దాకా ఆయన చోటు ఆయనదే. వరసలో అందరూ తలా కొంచెం ఏసుకుని కడతారు. మొన్న అప్పలస్వామి బండికి మేమూ ఏసినాం."

ముందు చూసిన ఖాళీ కారు అప్పలస్వామిది. మూడు రోజుల కిందట అది వరసలోంచి తప్పుకుంది. అప్పుడు కూడా నేను రాసింది ఒకటే: ఖాళీ కారు గడువు ముగిసింది.

పోలినాయుడు అని ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, మా వరసకు పెద్ద. ఆయన కారు కారుకూ వచ్చి చందా పోగు చేస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి, నేనెవరో తెలుసు కనక, అడగకుండానే ముందుకు పోయాడు. అవమానంగా అనిపించింది.

13వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

ఫణిభూషణ్ గారికి నేనే ఫోను చేసి చెప్పాను. అవి చనిపోయినవాళ్ళ కార్లు. కట్టేది బతికినవాళ్ళు, ఉన్నదాంట్లోంచి తలా కొంచెం తీసి. ఇది డబ్బు ఎక్కువై చేసే పని కాదు. అంచనా తిరగబడి ఉంది.

ఆయన ఓపిగ్గా విన్నారు. "పాపం" అన్నారు, నిజంగానే అన్నారు. తర్వాత అన్నారు: "చూడు వకుళా, సరదాకి కట్టేవాడు ధర పెరిగితే మానేస్తాడు. మనసులో ఉండి కట్టేవాడు మానడు. నువ్వు చెప్పింది మా అంచనాను ఇంకా గట్టి చేస్తోంది."

తర్కంలో లోపం లేదు, అదే నచ్చలేదు.

"అనుమానం ఉంటే పరీక్షిద్దాం" అన్నారు ఫోను పెట్టేస్తూ. "గిరకతో చెప్పి మీ వరసలోనే కొత్త ధర పెట్టిస్తాను. అప్పిచ్చేవాళ్ళకీ నమ్మకం కుదురుతుంది."

16వ రోజు

కారులో ఉన్నవారు: ఒకరు.

పై వాక్యం పొద్దున్న రాసింది.

పదింటికి వరసలో అందరి ఫోన్లూ మోగాయి. ప్రయోగ ధర, రేపటి నుంచి, ఇప్పటి అద్దె మీద సగం అదనం. కట్టలేనివాళ్ళు కారు వెనక్కి ఇవ్వచ్చు.

ఇరవై కార్లు అద్దాలు దించి దగ్గర దగ్గరగా నడిచాయి. మాట ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి వెళ్ళింది, నా కారు దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా నన్ను దాటి వెనక కారుకు పోయింది. లెక్క నాకూ తెలుసు. ఎవరి అద్దె వాళ్ళు కట్టుకుంటే సన్యాసిరావు కారుకు వెయ్యడానికి ఏమీ మిగలదు. అది తప్పనిసరిగా రేపు ఆగుతుంది. ఆయన పోయి ఇంకా అయిదో రోజే.

మధ్యాహ్నం మజిలీలో పోలినాయుడు కారు దిగి, పెట్టె పట్టుకుని తన బావమరిది కారులో దూరాడు. ఒంటి బెర్తులో ఇద్దరు భారీ మనుషులు. "బావా, మోకాలు తియ్యి." "తీసి ఎక్కడ ఎట్టమంటావు రా?" అని ఇద్దరూ తిట్టుకున్నారు. పోలినాయుడు కారు వెనక్కి ఇచ్చేశాడు. ఆయన వెనక ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. ఇద్దరిద్దరు ఒక్కో కారులో ఇరుక్కుని, మిగిలిన కార్లు ఇచ్చేస్తున్నారు. అలా మిగిలిన డబ్బు సన్యాసిరావు కారుకు వేశారు, దాన్ని మాత్రం ఇవ్వలేదు. తువ్వాలు, చెప్పులు, దీపంతో అలాగే ఉంది, పాత చోటులో.

పైడమ్మ కూడా తన కారు ఇచ్చేసింది. కుట్టు మిషను, మూట పక్కన పెట్టుకుని మజిలీ గట్టు మీద నిలబడింది.

"ఆ కారులో కూర్చోవచ్చు కదా పిన్నీ" అన్నాను.

"ఆ సీటు ఆయనది కాదేటి? పదకొండు అవ్వాల."

"మరి నువ్వు?"

"సూద్దాం. శిబిరం బస్సు సాయంత్రం ఉందంట. పదకొండో రోజున ఇక్కడికొచ్చి బండి సూసుకుంటాను."

వరసలో మిగిలిన ఆడవాళ్ళ కార్లన్నీ అప్పటికే ఇద్దరితో నిండిపోయాయి. కారులో ఒక్కతే ఉన్న ఆడమనిషిని నేనే. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. ఆవిడ అడగలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తలుపు తెరిచాను.

మిషను నా కాళ్ళ దగ్గర పెట్టాం.

17వ రోజు

కారులో ఉన్నవారు:

ఖాళీగా వదిలాను. పంపేది ఈ ఖాళీ వాక్యమే, నిన్న మధ్యాహ్నం నుంచి రాసిన మిగతాదంతా నా దగ్గరే ఉంచుకున్నాను.

పైడమ్మ గురక పెడుతుంది. ఇది చూసిన విషయం కనక రాస్తున్నాను. ఆవిడ మోచేయి నా పక్కటెముకల్లో ఉంది. కిటికీ నా వైపు తెరిచి ఉంచాలంటుంది. సన్యాసిరావు కారు ఆ పక్కనే నడుస్తోంది మరి.

ఫణిభూషణ్ గారు ఫోను చేశారు. "ప్రయోగం ఫలితం వచ్చింది. ఇదేమిటిది? మనుషులున్న కార్లు ఇచ్చేసి ఖాళీ కారు ఉంచుకున్నారు! ఇలాంటిది ఏ లెక్కలోనూ పట్టదు." కాసేపు నవ్వారు. నాకూ నవ్వు వచ్చేది, మోచేయి లేకపోతే.

తర్వాత నెమ్మదిగా అన్నారు. "పదకొండు రోజులే కదా. అవ్వగానే ఎవరి కార్లు వాళ్ళు తీసుకుంటారు, లేదా శిబిరానికి పోతారు. పోయినవాళ్ళ చోట్లోకి కొత్తవాళ్ళు వస్తారు. తాత్కాలికం అని రాయి. ఇంకో మాట. నీ సీటు తూకం ఇద్దర్ని చూపిస్తోంది. అది నేను చూసుకుంటాను. నువ్వు ఒకరు అని రాయి చాలు."

"రాయకపోతే?"

"నీ చిట్టా చెల్లదు. కొత్త సాక్షి వచ్చి ఇంకో నెల ఉండాలి. ఇచ్చిన వడ్డీ రేటు ఈ నెలాఖరు దాకానే. ఆ తర్వాత ఎవరూ ఇంత అప్పు ఇవ్వరు. కొనుగోలు పోతుంది, ప్రయోగ ధర పోతుంది, అంతా మొదటికి వస్తుంది. నీ లైసెన్సు మాత్రం రాదు. బాగా ఆలోచించుకో అమ్మా."

బెదిరించలేదు. మర్యాదస్తుడని మొదటే రాశాను.

20వ రోజు

కారులో ఉన్నవారు:

అప్పిచ్చేవాళ్ళ దగ్గర నుంచి రెండో రిమైండరు వచ్చింది. మొదటి వాక్యం నింపవలసిందిగా కోరుతున్నారు.

నేను ఇల్లు అప్పు మీద కొన్నాను. కదలని ఇల్లు, ఆగుడు పన్నుతో సహా. లైసెన్సు లేకపోతే నాకు తెలిసిన పని ఇంకొకటి లేదు. భయంగా ఉంది. ఒకరు అని రాస్తే భయం ఉండదు. మూడు అక్షరాలు.

పైడమ్మ నా రవిక చంకలో చిరుగు చూసి, అడగకుండా విప్పించి కుట్టిపెట్టింది. "డబ్బులు ఇయ్యకు. పక్షం పట్టినావంటారు" అంది. నిబంధనలు ఈవిడకు ఎవరు చెప్పారో!

22వ రోజు

కారులో ఉన్నవారు:

పదకొండో రోజు. పొద్దున్నే మజిలీకి చేరాం. వరసలో మిగిలిన కార్లన్నీ ముందుగా వెళ్ళి రెండు వైపులా సర్దుకున్నాయి. సన్యాసిరావు కారు రావడానికి దారి వదిలారు.

పైడమ్మ నా కారులోంచి దిగి, నడుస్తున్న ఆ కారు పక్కన నడుస్తూ తలుపు తీసి ఎక్కింది. సీటులో కూర్చోలేదు, అంచున ఆనుకుంది. కుడికాలు చాపి, మ్యాటు చిరిగిన చోట, రేకు మీద గట్టిగా తొక్కింది. కారు ఆగింది. మజిలీ కనక ఎలాగూ ఆగేదే. అయినా వరసలో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. పోలినాయుడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆగిపోనాది సూడు" అంది పైడమ్మ, లోపల ఎవరికో చెప్పినట్టు. దీపం తీసి ఆర్పింది. తువ్వాలు, చెప్పులు మూటలో కట్టుకుంది. గిరక మనిషి వచ్చి కారు తీసుకుపోయాడు.

శిబిరం బస్సు మజిలీ చివర ఆగి ఉంది. పైడమ్మ మిషను కోసం నా కారు దగ్గరికి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఇరుకు పెట్టీసినాను పాపా. ఎల్తాను మరి."

"కొంచెంసేపు కూర్చో పిన్నీ. ఒక పని ఉంది."

"ఏటి పని?"

"రాసుకునే పని. అయ్యేదాకా నువ్వు కారులోనే ఉండాలి."

కూర్చుంది. మోచేయి మళ్ళీ పాత చోటికే వచ్చింది. బస్సు హారను కొడుతోంది. ఫణిభూషణ్ గారి ఫోను మోగుతోంది, తీయలేదు. పదిహేడో రోజు నుంచి ఖాళీగా ఉన్న వాక్యం ఇప్పుడు నింపి, ఆపుకున్నదంతా పంపుతున్నాను. పదహారో రోజు మధ్యాహ్నం నుంచి అన్ని రోజులకూ ఇదే చదువుకోవాలి.

కారులో ఉన్నవారు: ఇద్దరు.